గాజులు ఎవరు తొడగాలి

వియ్యపురాలి ఫోన్ వచ్చేసరికి ధనమ్మ కల్లంలో ఉంది. ఎండబోసిన మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరి పక్కన పోస్తోంది. పొద్దుటి నుంచీ అదే పని కావడంతో చేతులు భగభగ మండుతున్నాయి. ఆ చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుంటే చెవి కూడా మండి చస్తుందని, నేలమీదున్న ఫోన్‌ని మోచేత్తో నొక్కి స్పీకర్లో పెట్టింది. అక్కడే తప్పు చేసింది. నకరికల్లులో నోరున్న ఆడమనిషి ఎవరంటే ఎవరైనా ధనమ్మ పేరే చెబుతారు. అంతటి ధనమ్మ వియ్యపురాలి ముందు ఎట్లా నసుగుతుందో ఆ పూట కూలీలందరూ చెవులారా విన్నారు.

"వదినగారూ, బుధవారం సీమంతానికి గాజులు తొడగడానికి ఆ జరీనానే పిలిచారంట గదా?" అంది అవతల కోటేశ్వరమ్మ, పెదకూరపాడు నుంచి.

"అవునండీ. మా ప్రత్యూష పెళ్ళికి కూడా ఆమే గదా తొడిగింది."

"పెళ్ళినాటి సంగతి వేరు. ఇప్పుడామెకు ఆ జబ్బంట గదా. రొమ్ము తీసేశారంట, జుట్టంతా ఊడిపోయిందంట, ఒంట్లోకి ఏవో మందులు ఎక్కిస్తన్నారంట. కడుపుతో ఉన్న పిల్ల చేతిని అట్టాంటి మనిషి చేతిలో పెట్టేదేంది? శుభకార్యం గదా. వేరే ఎవరినన్నా చూసుకోండి."

"అంటే... ఆమెకి ఎప్పుడో చెప్పేశామండీ..."

"చెప్పింది వద్దనలేమా? ఆమే వచ్చేటట్టయితే నేను లోపల గదిలో కూచుంటా. బయటికి రాను."

"అయ్యో, అంత మాటెందుకండీ. అట్టాగే, మాట్లాడతాలెండి," అంది ధనమ్మ.

ఫోన్ ఆగిపోయాక ముందుగా ఆరోగ్యమ్మే నోరు విప్పింది. ఆమె ధనమ్మ కల్లంలో ఏళ్ళ తరబడి కూలికి వస్తున్న మనిషి, మొహమాటం ఎరగదు.

"అదేమన్నా అంటుకునే జబ్బా ధనమ్మక్కా?"

"కాదే."

"మరి కాదని చెప్పవేం ఆమెకి?"

"నీ పని నువ్వు చూసుకోవే," అని కసిరింది ధనమ్మ. కసిరిందే గానీ, తాలుకాయలనుకుని మంచికాయలు ఏరి పక్కన పోసింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర మొగుడితో చెబితే పున్నారావు కంచంలోంచి తల ఎత్తలేదు. "ఆడోళ్ళ గాజుల గొడవలోకి నన్ను లాగమాక. వద్దని చెప్పేదేదో నువ్వే చెప్పు. ఫోన్లో మాత్రం చెప్పమాక, పాపం," అన్నాడు. ఆ పాపం అన్న మాటకి ధనమ్మ కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

మర్నాడు పొద్దున్నే జరీనా ఇంటికి బయల్దేరింది. మిరప వాసన తగిలితే జరీనాకి కడుపులో తిప్పుతుందని తెలుసు గనక రెండుసార్లు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, గిన్నెడు పెరుగు మూతపెట్టి సంచిలో పెట్టుకుంది. వద్దని చెప్పడానికి పోయే మనిషికి ఇన్ని జాగ్రత్తలెందుకో ఆమెకే తెలియదు. నరసరావుపేట బస్సులో దారిపొడుగునా మాటలు కూర్చుకుంది. 'జరీనా, నీ ఒంట్లో బాగాలేదు గదా, ఈసారికి విశ్రాంతి తీసుకో.' బాగుంది. దయగానే ఉంది. నిష్ఠూరం లేదు. పైగా అబద్ధం కూడా కాదు. బస్సు దిగేసరికి తను మంచిపనే చేస్తున్నానని ధనమ్మకి దాదాపు నమ్మకం కుదిరింది.

జరీనా ఇల్లు మార్కెట్ వెనక సందులో. ముందుగదే కొట్టు. గోడలకి గాజుల పెట్టెలు, నేలమీద చాప. తలుపు తెరిచే ఉంది. ధనమ్మ చెప్పులు విడిచి గుమ్మంలోకి వచ్చి, పిలవబోయి ఆగిపోయింది.

చాపమీద అత్తాకోడళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. కోడలు ఇష్రత్ చెయ్యి చాపి ఉంది. జరీనా ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని గాజు ఎక్కిస్తోంది. ధనమ్మ ఎరిగిన జరీనా ఈ పని మాటల మధ్యలో చేసేది. అత్తగారి సంగతి, సినిమా సంగతి అడుగుతూ, బొటనవేలి కింది ఎముకని ఒక్క నొక్కు నొక్కి, కళ్ళు ఎక్కడో పెట్టి గాజుల్ని జారవిడిచేది. చేతిలోంచి చెయ్యి ఎప్పుడు తీసుకుందో తొడిగించుకునేవాళ్ళకి తెలిసేది కాదు. ఇప్పుడు కళ్ళు చేతిమీద నుంచి తిప్పడం లేదు. పెదవులు బిగబట్టి, దారం ఎక్కని సూదిని చూసినట్టు చూస్తోంది. గాజు కణుపుల దగ్గరకొచ్చి ఆగింది. కొంచెం నొక్కింది. టప్‌మని చిట్లింది.

ఇష్రత్ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ముక్కల్ని పక్కన పళ్ళెంలోకి దులిపి మళ్ళీ చాపింది. ఆ చేతి మీద చిన్న చిన్న గీతలు, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి.

"ఇంకోటి," అంది జరీనా. అప్పుడు తలెత్తి చూసింది. "ఓరి దేవుడా, ధనమ్మక్కా! గుమ్మంలో నిలబడ్డావేంది బిచ్చానికొచ్చినట్టు? రా, రా."

నవ్వు మాత్రం పాతదే. మిగతాదంతా మారిపోయింది. కొంగు కింద తలకి గుడ్డ కట్టుకుంది, కనుబొమల చోట చర్మమే ఉంది, గోళ్ళు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. కుడిచేతికి గాజులున్నాయి, ఎడమ చెయ్యి బోసిగా ఉంది. ధనమ్మ చూపు అక్కడ ఆగడం గమనించి జరీనాయే చెప్పింది.

"కోసింది ఆ పక్క గదక్కా. ఈ చేతికి సూది వద్దు, బరువు వద్దు, బిగువు గాజు వద్దన్నారు. వాపొస్తదంట. గాజులమ్మే దాని చేతికే గాజు లేదు, చూశావా చోద్యం!"

"వేళ్ళకేమైందే?"

"ముందు ఎక్కించిన ఎర్రమందు నోటిపూతతో, వాంతులతో పోయింది. ఈ కొత్త మందు వేళ్ళ కొసలు పట్టుకుంది. తిమ్మిరి. వేడి తెలవదు, చల్లన తెలవదు. మొన్న టీ గ్లాసు పట్టుకుంటే కాలిందని బొబ్బ చూసి తెలుసుకున్నా. డాక్టరమ్మకి చెప్పా. మందు తగ్గించి చూస్తానంది, తర్వాత మెల్లగా వస్తదిలే అంది. ఎప్పుడొస్తదో చెప్పలా."

"మరి ఈ చేతుల్తో..."

"వేళ్ళ కొసలే చచ్చినయ్యి. ఇదుందిగా." జరీనా అరచేతి కింది మెత్తని కండని చూపించింది. "ఇది బతికే ఉంది. ఎముక ఎక్కడుందో దీంతో వెతుక్కుంటన్నా. ఇన్నేళ్ళూ వేళ్ళకి నేర్పిందంతా ఇప్పుడు దీనికి నేర్పాల. మొద్దు మొహంది, తొందరగా నేర్చుకోదు. రోజూ ఇష్రత్ చెయ్యి పాడు చేస్తన్నా."

"పోయిన వారం చానా పగిలినయ్యి పెద్దమ్మా. ఈ వారం తక్కువే," అంది ఇష్రత్, తన చెయ్యి కాదన్నట్టు.

ధనమ్మ చాపమీద కూలబడింది. పెరుగు గిన్నె అందించింది. జరీనా అప్పటికప్పుడే ఇంత గ్లాసులో వేయించుకుని తాగి, "ఇదొక్కటే నోటికి ఇనుములాగా తగలట్లా," అంది. బస్సులో కొంగు జారితే పక్కావిడ గుండు చూసి 'ఏ కొండకి మొక్కు?' అని అడిగిన సంగతి చెప్పింది. "సాయిబుల దాన్ని, నాకేం మొక్కు? అయినా కోటప్పకొండ అన్నా. మరి ప్రసాదం ఏదంది ముసల్ది! బ్యాగులో నా బిస్కెట్ ప్యాకెట్ ఉంటే తీసిచ్చా. కళ్ళకద్దుకుని తినింది." ధనమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఇక చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననుకుని, కూర్చుకున్న మాట పైకి తీసింది.

"జరీనా, నీకు ఒంట్లో బాగాలేదు గదా. ఈసారికి విశ్రాంతి తీసుకోరాదూ?"

జరీనా మొహంలో నవ్వు చప్పున ఆరిపోయింది.

"నువ్వు కూడానా అక్కా? నాకీ జబ్బొచ్చినప్పటి నుంచీ విశ్రాంతి ఇచ్చేవాళ్ళే గానీ పనిచ్చేవాళ్ళు లేరు. మిల్లు వాళ్ళింట్లో పెళ్ళి, నీకెందుకు శ్రమ అన్నారు. లాయరుగారి కోడలి సీమంతం, నువ్వు పడుకో అన్నారు. అందరికీ నామీద దయే. ఆ దయతోనే నన్ను మంచానికి కట్టేస్తన్నారు. మందెక్కిన వారం నేను మనిషిని కాను, ఒప్పుకుంటా. రెండో వారం లేచి తిరగడమే గొప్ప. మూడో వారం మాత్రం నాది. ఆ వారం కూడా ఈ చెయ్యి ఊరుకుంటే ఇంకెందుకక్కా, మందు మింగే మనిషినే అవుతా, జరీనాని కాను."

ఊపిరందక గొంతు తగ్గించింది. "ఇంతమందిలో రమ్మని అడిగింది నీ కూతురొక్కతే. అందుకే ఈ సాధన."

"ప్రత్యూషక్క పిలవడమే కాదు పెద్దమ్మా," అంది ఇష్రత్. "పంతులుగారు రెండు ముహూర్తాలు చెప్పారంట గదా. అత్తకి ఏ రోజుల్లో బాగుంటదని నాకు ఫోన్ చేసి అడిగింది. మొదటిది మందెక్కించిన వారంలో పడుద్దని చెప్పా. అయితే రెండోదే పెట్టిస్తానంది."

ధనమ్మకి ఇప్పుడర్థమైంది. మొదటి ముహూర్తమే కావాలని వియ్యపురాలు పట్టుబడితే, బ్యాంకులో లీవు దొరకదని ప్రత్యూష మొండికేసింది. అత్త మాట కాదంటావా అని తనే కూతుర్ని నానా మాటలూ అంది. ఆడపిల్లకి అంత పెంకితనం పనికిరాదని పున్నారావు దగ్గర వాపోయింది కూడా. తన కడుపున పుట్టిన పిల్లకి తోచింది తనకెందుకు తోచలేదో, ఇంత వయసొచ్చి ఏం లాభమో అనుకుని ధనమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

లేచి చెప్పులేసుకుంటుంటే జరీనా గుమ్మం దాకా వచ్చింది.

"అక్కా, నువ్వు వేరే మాటేదో చెప్పడానికొచ్చావు."

"లేదే, ఊరికే చూసిపోదామని..."

"నీ మొహం నాకు తెలవదా? వద్దన్నది ఎవరో నాకు చెప్పమాక. వాళ్ళకి మాత్రం ఒక మాట చెప్పు. నా చెయ్యి ఆడకపోతే నేనే చెప్తా. నేనే పక్కకి జరుగుతా. ఆ మాట చెప్పాల్సింది నేను, వాళ్ళు కాదు."

ఇంటికొచ్చేసరికి ప్రత్యూష మంచంమీద కాళ్ళు చాపుకుని పుచ్చకాయ తింటోంది. ధనమ్మ పోయి పక్కన కూర్చుని, "లీవు దొరకలేదని అబద్ధం చెప్పావేమే?" అంది.

ప్రత్యూషకి అర్థమైంది. "నిజం చెబితే ఒప్పుకునేదానివా అమ్మా?"

ధనమ్మ ఫోన్ తీసుకుని పెరట్లోకి పోయింది. పొలం గట్టు తగాదాలో మగాళ్ళ మీదకి కొడవలెత్తి పోయిన మనిషికి వియ్యపురాలి నంబరు నొక్కడానికి వేళ్ళు ఆడలేదు. అయినా నొక్కింది.

"వదినగారూ, గాజులు జరీనాయే తొడుగుతది."

"నేను చెప్పాగదండీ."

"చెప్పారు. నేనే ఆమెకి చెప్పలా. చెప్పను కూడా. మీరేమన్నా అనుకోండి."

తిడుతుందనుకుంది ధనమ్మ. తిట్టినా బాగుండేది. "సరే, మీ ఇష్టం," అని మాత్రం అని పెట్టేసింది కోటేశ్వరమ్మ. ఆ గొంతులో కోపం కాక ఇంకేదో ఉన్నట్టు తోచింది గానీ, ఏమిటో ధనమ్మకి అంతుపట్టలేదు.

బుధవారం వచ్చింది. హాలంతా ఆడవాళ్ళతో నిండిపోయింది. కోటేశ్వరమ్మ మాట తప్పలేదు. కోడలికి చీర, పూలు ఇచ్చి, అక్షింతలేసి, జరీనా ఆటో దిగిందని తెలియగానే తలనొప్పి అని లోపలి గదిలోకి పోయింది. ఒకరిద్దరు మొహమొహాలు చూసుకున్నారు.

గాజుల పెట్టెలు ఇష్రత్ మోసుకొచ్చింది. వెనకే జరీనా, ఆకుపచ్చ చీరలో, కొంగు తలనిండా కప్పుకుని, మెల్లగా. ప్రత్యూష ఎదుట పీటమీద కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేటట్టు అంది:

"తల్లీ, నా వేళ్ళకి స్పర్శ లేదు. నొక్కితే నీకు నొప్పి పుట్టిందో లేదో నాకు తెలవదు. నువ్వే చెప్పాల. సిగ్గుపడమాక."

దాచిపెడుతుందనుకున్నదాన్ని నడింట్లో పెట్టేసరికి అందరూ ముందుకు వంగి చూశారు. ఈ మనిషికి ఎంత గుండె అనుకుంది ధనమ్మ.

"చెబుతాలే పిన్నీ," అని ప్రత్యూష చెయ్యి చాపింది.

జరీనా ఆ చేతిని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని నిదానంగా మర్దన చేసింది. అరచేతి కండతో కణుపులు ఒక్కొక్కటే వెతికింది. బొటనవేలిని లోపలికి మడిచింది. మొదటి గాజు ఎక్కింది. రెండోదీ ఎక్కింది. మూడోది కణుపు దగ్గర ఆగింది. "ఇంకాస్త ఇటు పిన్నీ," అంది ప్రత్యూష. జరీనా తిప్పింది. గాజు టప్‌మంది.

ఎవరో "అయ్యో" అన్నారు. సీమంతం పీటమీద గాజు చిట్లినప్పుడు ఆ అయ్యోకి అపశకునమనే అర్థమని ఆడవాళ్ళందరికీ తెలుసు. జరీనా మొహం పాలిపోయింది. చేతులు గాలిలో ఆగిపోయాయి. ఇప్పుడు ఆమె పక్కకి జరుగుతానంటుందేమోనని ధనమ్మకి భయమేసింది. అననీయకూడదు. పైకి లేచి నిలబడింది.

"ఏందే అయ్యో? నా సీమంతంలో గాజులు మూడు పెరిగినయ్యి, ఏమైంది? ఇదిగో, అప్పుడు కడుపులో ఉన్న పిల్ల గుండ్రాయిలాగా కూచుంది మీ ఎదురుగా. ఇంకోటి తియ్యవే జరీనా!"

ఫక్కున నవ్వారు అందరూ. ముందుగా నవ్వింది ప్రత్యూషే. ఆ నవ్వుకి చెయ్యి వదులైంది. ఆ వదులు చూసుకుని జరీనా గాజు ఎక్కించింది. ఆ తర్వాత మరి ఆగలేదు. ఎరుపు, ఆకుపచ్చ, ఎరుపు, ఆకుపచ్చ. నుదుట చెమట పట్టింది, ఇష్రత్ తుడిచింది. ఒక చేతికి ఒకటి ఎక్కువగా రెండు చేతులూ నిండేసరికి ప్రత్యూష చేతులెత్తి గలగలలాడించింది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. జరీనా ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఎవరూ చూడటం లేదనుకుని, తన అరచేతి కండని ముద్దు పెట్టుకుంది. ధనమ్మ చూసింది. చూసి, గబగబా తాంబూలాల పళ్ళెం సర్దే పని పెట్టుకుంది.

తర్వాత ముత్తయిదువలు వరస కట్టారు. మాకంటే మాకంటూ చేతులు చాపారు. మధ్యలో జరీనా గోడకానుకుని మజ్జిగ తాగి, మళ్ళీ కూర్చునేది. ధనమ్మ పక్కనే ఉండి గాజులు అందిస్తోంది. వరస ఇంకా చాలానే ఉందనగా లోపలి గది తలుపు తెరుచుకుంది. కోటేశ్వరమ్మ వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, వరసలో ముందున్నామెని జరగమని సైగ చేసి, జరీనా ఎదుట కూర్చుంది.

ఈమె ఇక్కడ ఏం రభస చేస్తుందో అనుకుంది ధనమ్మ. కోటేశ్వరమ్మ చెయ్యి చాపింది.

జరీనా ఏమీ ఎరగనట్టే ఆ చేతిని అందుకుని మర్దన మొదలుపెట్టింది. మొదటి గాజు ఎక్కింది. కోటేశ్వరమ్మ ముందుకు వంగి, జరీనాకీ పక్కనున్న ధనమ్మకీ మాత్రమే వినపడేంత సన్నగా అడిగింది.

"నీకు ముందు ఎట్టా తెలిసింది?"

"స్నానం చేస్తంటే చేతికి తగిలిందమ్మా. గోలీకాయంత. నొప్పి లేదు. నొప్పి లేదుగదాని ఊరుకున్నా కొన్నాళ్ళు."

ఇంకో గాజు ఎక్కింది.

"నాకూ నొప్పి లేదు," అంది కోటేశ్వరమ్మ.

ధనమ్మ చేతిలోని గాజులు గలగలమన్నాయి. జరీనా చేతులు మాత్రం ఆగలేదు. తలెత్తలేదు. ఇంకో గాజు తీసుకుంటూ అంతే సన్నగా అడిగింది.

"ఎవరికన్నా చెప్పారా?"

"లేదు. నిన్ను చూస్తే చెప్పాల్సొస్తదని భయమేసింది. పురుడు గడవనీ అనుకున్నా."

"పురుడు దాకా వద్దమ్మా. గడ్డలన్నీ అదే కావు, ముందు చూపించుకోవాల. శుక్రవారం నేను మందుకి గుంటూరు పోతన్నా. నా పక్కన కూచోండి. డాక్టరమ్మకి నేను చూపిస్తా."

కోటేశ్వరమ్మ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. జరీనా చేతిని గట్టిగా పట్టుకుంది.

వరసలో వెనకున్న వాళ్ళు అసహనంగా కదిలారు. "ఏందే జరీనా, ఒక్క చేతికే ఇంతసేపా?" అని ఎవరో అరిచారు.

ధనమ్మ గిరుక్కున వెనక్కి తిరిగి, తన వెడల్పాటి వీపుతో ఆ ఇద్దరినీ కప్పేసింది.

"ఉండండే! మా వదినగారి చెయ్యి గట్టిది. పొద్దుగూకేదాకా తొడుగుద్ది, ఏం, మీకు కల్లంలో కాయలు తడుస్తన్నాయా?"

ఆమె వెనక జరీనా, కోటేశ్వరమ్మ కళ్ళు తుడుచుకునే వ్యవధి చిక్కేటట్టు, తొడిగిన గాజులన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసి, మళ్ళీ మొదటి నుంచి తొడగడం మొదలుపెట్టింది.